మూడున్నర లక్షల ప్లేయర్ కొనేముందు

ప్రశ్న: రిటైరయ్యాక వచ్చిన డబ్బులో మూడున్నర లక్షలు పాటల కోసం పక్కన పెట్టుకున్నాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. నా దగ్గర ఐదారు వందల సీడీలున్నాయి, ఎక్కువ కర్ణాటక సంగీతం, కొన్ని పాత సినిమా పాటలు. హైదరాబాద్‌లో ఒక షాపులో మరాంట్జ్ ఎస్‌ఏసీడీ 30ఎన్, యమహా సీడీ-ఎస్2100 అనే సీడీ ప్లేయర్లు రెండూ విన్నాను. యమహాలో గొంతు ముందుకొచ్చి విప్పారినట్టుంది, మరాంట్జ్ కాస్త మెత్తగా అనిపించింది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రెండూ మంచివేనండి, ఏది కొన్నా మోసపోరు. మీరు విన్న తేడా ప్లేయర్లదా, షాపులో కలిపిన వైర్లదా అన్నదే నా అనుమానం. యమహా వెనక ఆంప్లిఫయర్ వైర్లు కలిపే మామూలు ఆర్‌సీఏ సాకెట్లతో పాటు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా ఉంటుంది, మరాంట్జ్ 30ఎన్‌కి ఉన్నవి ఆర్‌సీఏలే. ఆర్‌సీఏలో సీడీ ప్లేయర్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో చాలా కంపెనీల ప్లేయర్లు దానికి రెట్టింపు ఇస్తాయి, అంటే 6 డెసిబెళ్లు ఎక్కువ. అన్ని మోడళ్లూ ఇలా ఉండవు, పైగా ఆంప్లిఫయర్ కూడా రెండు ఇన్‌పుట్లనీ ఒకేలా తీసుకోదు, కాబట్టి షాపులో ఏం జరిగిందో నేను చెప్పలేను. కానీ ఇలాంటప్పుడు షాపు కుర్రాడు ఏం చేస్తాడంటే, సౌండ్ ఎక్కువైందని నాబ్‌ని అందాజుగా కాస్త తిప్పుతాడు, ఎంత తిప్పినా అర డెసిబెలో ముప్పావో మిగిలిపోతుంది. ఆ కాస్తా చెవికి ‘సౌండ్ ఎక్కువ’ అని తెలియదు, ‘ఇందులో గొంతు బాగా విప్పారింది’ అని తెలుస్తుంది. లక్షల రూపాయల బేరాలు ఈ ముప్పావు డెసిబెల్ మీదే తెగిపోతుంటాయి.

మళ్లీ వెళ్లి వినండి, ఈసారి పద్ధతిగా. రెండు ప్లేయర్లనీ ఆర్‌సీఏతోనే ఒకే ఆంప్లిఫయర్‌కి కలపమనండి. ఒకే సీడీ రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి ఇంట్లో రాసుకున్నదైనా పర్లేదు. ఒక మామూలు మల్టీమీటర్ జేబులో వేసుకోండి, బీసెంట్ రోడ్ వైపు ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. అరవై, డెబ్బై హెర్ట్‌జ్‌ల టోన్ ఒక నిమిషం పాటు సీడీలో రాసి పెట్టుకుని, అది ప్లే అవుతుండగా స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు చూడండి (చవక మీటర్లు వెయ్యి హెర్ట్‌జ్ దగ్గర తప్పు చూపించే అవకాశముంది, అందుకే తక్కువ టోన్). నాబ్ తిప్పి రెండు ప్లేయర్లకీ ఆ అంకె ఒక శాతం లోపు తేడాకి తెస్తే డెసిబెల్‌లో పదో వంతుకి వచ్చేసినట్టే, ఇక చెవి మోసపోదు. వోల్టులు కొలిచేటప్పుడు మీటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి, ఆంప్లిఫయర్ పోతే షాపువాడు ఊరుకోడు.

ఆ తర్వాత మీ అబ్బాయినో తోడొచ్చిన స్నేహితుణ్ణో సెలెక్టర్ దగ్గర నిలబెట్టి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా మార్చమనండి. పాట మొత్తం వినకండి. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ పోయే కొస, మృదంగం ఎడమ వైపు గుమ్కి లాగిన చోటు, అలాంటి పది ఇరవై సెకన్ల ముక్క పట్టుకుని అదే తిరగేసి తిరగేసి వినండి. చాలామందికి అప్పుడు తేడా దొరకదు. దొరికితే మాత్రం అది నిజం తేడా, మీకు నచ్చినదే కొనేయండి, నన్నడగక్కర్లేదు.

ఇక ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) సంగతి, మీరు విన్న రెండు ప్లేయర్లూ దాన్ని ఆడిస్తాయి. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన రూపం అది. మామూలు సీడీ 16 బిట్లు, సెకనుకి 44,100 శాంపిళ్లు (అంటే సౌండ్‌ని అన్నిసార్లు కొలిచి రాయడం) అయితే, అది ఒక్క బిట్‌తోనే సెకనుకి 28 లక్షల సార్లు రాస్తుంది. కాగితం మీద చాలా గొప్పగా కనిపిస్తుంది కానీ, 2007లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియోల సౌండ్‌నే 16 బిట్ల సీడీ స్థాయికి దించి, దించనిదానితో పోల్చి వినిపిస్తే, 554 సార్లలో 276 సార్లే జనం సరిగ్గా పోల్చుకున్నారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. పైగా మన పాటలు ఆ రూపంలో దాదాపు రాలేదు. మీ దగ్గర ఒక్క ఎస్‌ఏసీడీ కూడా లేనప్పుడు ఆ లేజర్‌కి, ఆ లైసెన్సుకి డబ్బెందుకు?

మరాంట్జ్‌లో డబ్బుకి విలువ ఉన్నది ఎస్‌ఏసీడీ వల్ల కాదు, నెట్ నుంచి పాటలు తీసుకోవడం, టీవీని కలపడం అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే అయిపోతాయి కాబట్టి. అది మీకు కావాలంటే కొనండి. సీడీలే చాలు అనుకుంటే టియాక్ వీఆర్‌డీఎస్-701, మూత పైకెత్తి సీడీ పెట్టే రేగా ప్లేయర్లు కూడా విని చూడండి, వీటిలో ఎస్‌ఏసీడీ ఆడదు. టియాక్‌లో సీడీని పళ్లెం మీద అదిమి పట్టి తిప్పే మెకానిజం చూడముచ్చటగా ఉంటుంది. సౌండ్ దానివల్లే మారుతుందంటే మాత్రం నేను నమ్మను. ఏ ప్లేయరైనా సీడీ నుంచి చదివిన అంకెల్ని కాసేపు మెమరీలో పెట్టుకుని, లోపల గడియారంలా పనిచేసే క్రిస్టల్ చెప్పిన లెక్క ప్రకారమే బయటికి పంపుతుంది, చిన్న చిన్న గీతలుంటే తనే సరిదిద్దుకుంటుంది.

నా మాట వింటే ప్లేయర్‌కి లక్ష, లక్షన్నర దగ్గర ఆగండి. మిగిలింది స్పీకర్ల మీద పెట్టండి, ఇంకా మిగిలితే హాలు మీద. మన ఇళ్లలో కింద టైల్స్, ఎదురుగా అద్దాల షోకేసు, వెనక ఖాళీ గోడ. ఆ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగితే ఏ జపాన్ ప్లేయరూ ఏమీ చేయలేదు. ఒక మందపాటి కార్పెట్, నిండు కర్టెన్లు తెచ్చే తేడా మీటర్ లేకుండానే వినిపిస్తుంది, ఇంట్లో వాళ్లకి చెప్పడమూ తేలిక.

ప్రశ్న: జపాన్ నుంచి వాడిన ఎస్‌ఏసీడీ ప్లేయర్ ఒకటి సగం ధరకే వస్తోందట, మా ఫ్రెండ్ తెప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు వెనక రేకు మీద ఏం రాసుందో ఫొటో తెప్పించుకోండి. జపాన్ లోపల అమ్మేవి 100 వోల్టులవి, మనది 230. హెర్ట్‌జ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, జపాన్‌లో తూర్పు వైపు 50, పడమర వైపు 60 ఉంటుంది కాబట్టి అక్కడి సామాను రెండింటికీ సరిపోయేలా చేస్తారు. వోల్టుల కోసం మాత్రం 230 నుంచి 100కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, రేకు మీద ఉన్న వాట్లకి రెట్టింపు మోయగలిగేది. స్టెబిలైజర్ ఆ పని చేయదు. ఇంకో ముఖ్యమైన విషయం, దాని రెండు చదును పిన్నుల ప్లగ్ మన గోడ సాకెట్‌లో దూరదు కానీ అన్ని ప్లగ్గులూ పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చక్కగా దూరుతుంది, పండక్కి ఇల్లు సర్దినవాళ్లు ఎవరో ఒకరు అందులో పెట్టారంటే అంతే సంగతులు. ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపిన చోట టేపు చుట్టేసి ఉంచండి.

వోల్టుల కన్నా అసలు ప్రమాదం లేజర్. వాడిన ప్లేయర్‌లో ముందు అరిగేది అదే, ఎస్‌ఏసీడీ లేజర్ పోతే ఆ మోడల్ భాగం ఇప్పుడు దొరుకుతుందో లేదో కొనేముందే రిపేర్ చేసేవాళ్లని అడగండి. దొరకదంటే సగం ధర కూడా ఎక్కువే.

ప్రశ్న: బస్టాండ్ దగ్గర కొన్న వంద పాటల ఎంపీ3 సీడీలు బోలెడున్నాయి. మంచి ప్లేయర్‌లో వేస్తే బాగా వినిపిస్తాయా?
– పటమట

జవాబు: వినిపించవండి. అసలు సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లుంటే వాటిలో తరచుగా ఉండేది 128. తీసేసింది ఏ ప్లేయరూ వెనక్కి తేలేదు, కొన్ని ఖరీదైన ప్లేయర్లయితే వాటిని అసలు చదవను కూడా చదవవు. వాటిని కారులో వినండి.