క్వాంటం కంప్యూటింగ్‌లో రీసెర్చ్ సైంటిస్ట్ పని నిజంగా ఎట్లుంటాది?

అనంతపురం ఎస్కే యూనివర్సిటీలో ఫిజిక్స్ చేస్తాండా, మ్యాథ్స్ బాగొస్తాది, క్వాంటం సైంటిస్ట్ అయితే రోజూ ఏం పని చేయాల అని అడిగినావు. మ్యాథ్స్ కావాల్సిందే కానీ స్పానర్ పట్టుకోవడం రాకపోతే ఈ పక్కకి రావద్దప్పా. థియరీ వాళ్ళ సంగతి నాకు తెలీదు, నేనుండేది బెంగళూరులో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల ల్యాబ్‌లో. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారం పట్టుకునే చిన్న ముక్క, మావి బాగా చల్లబెడితే అడ్డు లేకుండా కరెంటు పారే లోహంతో చేసినవి. మాది తాడిపత్రి.

మా బతుకంతా డైల్యూషన్ ఫ్రిజ్ చుట్టూనే, అంటే రెండు రకాల హీలియం మిక్చర్‌తో విపరీతంగా చల్లబెట్టే మెషీన్. చిప్పుని 10 మిల్లీకెల్విన్ దగ్గరికి, అంటే దాదాపు మైనస్ 273 డిగ్రీలకి, దింపితే గానీ కొలత మొదలుపెట్టలేం. పోయిన ఎండాకాలం కొత్త చిప్పు పెట్టి కూల్‌డౌన్ వేసినాం, రాత్రి ఇంటికి పోదామని బ్యాగు తగిలించుకుంటాంటే నైట్రోజన్ ట్రాప్ (తిరిగే గ్యాసులో మలినాల్ని చల్లగా పట్టేసే జాగా) కాడ ప్రెషర్ మెల్లగా ఎక్కుతాంది, అంటే యాడో గాలి లోపలికి దూరి గడ్డకట్టి లైన్ మూసేస్తాంది. లోపల తిరిగేది హీలియం-3, హీలియంలో అరుదైన రకం, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ నుంచి పుట్టే సరుకు, డబ్బు పెడతామన్నా సులభంగా దొరకదు. మిక్చర్ అంతా ట్యాంకులోకి లాగేసి, ఫ్రిజ్ వేడెక్కేదాకా కాచుక్కూచుని, మామూలు హీలియం గ్యాసు ఒక్కో జాయింట్ మీద ఊదుకుంటా పోయినాం, లీక్ డిటెక్టర్ కూస్తాదేమో అని. అందరం పీహెచ్‌డీలమే, ఒక్కరికీ దొరకలే.

పొద్దున మా టెక్నీషియన్ అన్న వచ్చినాడు, ధర్మవరం ఆయన, ఐటీఐ చదువు. పంపు వెనకాల గోడ సందులో చెయ్యి పెట్టి తడిమి, ‘ఈ క్లాంపు నేను బిగించింది కాదు సార్, ఎవురో తీసి మళ్ళీ పెట్టినారు’ అన్నాడు. ఇప్పి చూస్తే ఓ-రింగ్ మీద, అంటే గాలి దూరకుండా జాయింట్‌లో పెట్టే రబ్బరు రింగు మీద, వెంట్రుక. ఒక్కటే వెంట్రుక! మా పక్క బోరు మోటార్లు రిపేరు చేసేటోళ్ళు ఇట్లే ఉంటారు, మీటరు కంటే చెయ్యే ముందు చెప్తాది వాళ్ళకి. ఆ చిప్పు మీద పేపర్ వచ్చింది, అన్న పేరు కనీసం థ్యాంక్స్ లైన్లో కూడా వేయలే, అడిగితే ‘ఆథర్లకే చోటు లేదు’ అన్నారు, ఆయనకేమో ఏడాదేడాదికీ కాంట్రాక్ట్ రెన్యువల్ టెన్షన్. ఇది ఒక్క మా ల్యాబ్ జబ్బు కాదు.

ఇంక ఊరికొస్తే పెళ్ళిళ్ళలో ‘మీ దాంట్లో ఎన్ని క్యూబిట్లు రా అబ్బీ’ అని ఒకటే గోల, అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ల మెషీన్ అని 2025లో ప్రకటించినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఆ ఐబీఎం వాళ్ళే 2023 డిసెంబర్‌లో 1121 క్యూబిట్ల కాండోర్, 133 క్యూబిట్ల హెరాన్ అని రెండు చిప్పులు ఒకేసారి చూపించి, తర్వాత ముందుకు తీస్కపోయింది చిన్నదాన్నే, ఎర్రర్లు తక్కువని. మా మామకి ఇది చెప్తే ‘అయితే తగ్గించినారా, నష్టమొచ్చిందా’ అంటాడు.

నీకు నేను చెప్పేది, సెలవుల్లో ఏదైనా వాక్యూమ్ పంపులుండే ల్యాబ్‌లో దూరు, స్టైపెండ్ అడక్కు, ఓ-రింగులు తుడిచే పనిచ్చినా చెయ్. ఆరు వారాల్లో క్వాంటం సర్టిఫికెట్ అని కోచింగ్ వాళ్ళు ఫోన్ చేస్తే పెట్టేయ్, క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం సాఫ్ట్‌వేర్ క్విస్కిట్ ఫ్రీగానే దొరుకుతాది, ఇంట్లో కూచుని నేర్చుకోవచ్చు.