హోల్డ్‌లో కీర్తన: అనుమతి ఎవరిని అడగాలి?

సందేహం: తిరుపతిలో అలిపిరి రోడ్డున మాకు లాడ్జి ఉంది. గదుల కోసం ఫోన్ చేసేవారికి హోల్డ్‌లో అన్నమాచార్య కీర్తన వినిపించేలా లాడ్జి ఫోన్లను కలిపే కొత్త ఈపీఏబీఎక్స్‌లో ఒక ఎంపీ3 ఎక్కించాము. 500 ఏళ్ల నాటి పాటకు కాపీరైట్ ఉండదని, పైగా డబ్బు కట్టిన మ్యూజిక్ యాప్ నుంచే తీసుకున్నామని మా మేనేజరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. మన చట్టం సాహిత్యానికి రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకే రక్షణ ఇస్తుంది గనుక, రాగిరేకుల మీది ఆ పదాలను ఎవరైనా వాడుకోవచ్చు. అయితే రేకుల మీద రాగం పేరు ఉన్నదే గాని స్వరం లేదు. నేడు మనం వింటున్న వరుసలలో చాలావాటిని 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చారు. వాటిపై హక్కు స్వరకర్త పోయిన తరువాత 60 ఏళ్లు ఉంటుంది. ఆ పాటను పాడించి విడుదల చేసిన రికార్డింగుకు వేరే హక్కు ఉంది, అదీ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మీరు కట్టే యాప్ చందా మీరు సొంతంగా వినడానికే తప్ప వ్యాపారంలో వినిపించడానికి కాదు. కాబట్టి ఆ ఫైలును ముందు తీసివేయండి.

ఆ రికార్డింగే కావాలనుకుంటే రెండు అనుమతులు అవసరం. సాహిత్య, సంగీత హక్కులను గీత రచయితల, స్వరకర్తల సంఘమైన ఐపీఆర్ఎస్ చూస్తుంది, రికార్డింగు హక్కులను రికార్డింగు కంపెనీల తరఫున లైసెన్సులిచ్చే పీపీఎల్ వంటి సంస్థలో, నేరుగా ఆ పాటను విడుదల చేసిన కంపెనీయో చూస్తాయి; ఒకరి రసీదు మరొకరికి చెల్లదు. లైసెన్సులో ఫోన్ హోల్డ్ అనే మాట ఉన్నదో లేదో చదివాకే డబ్బు కట్టండి.

నన్నడిగితే ఇంతకంటే మంచి దారి మీ ఊళ్లోనే ఉంది. ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరిలో వేణువు, వీణ వాయించేవారికి కొదవ లేదు. రాగం ఎవరి సొత్తూ కాదు. మోహనలోనో హంసధ్వనిలోనో రెండు నిమిషాల సొంత వరుస వాయించమని ఒకరిని అడిగి, తగిన పారితోషికం ఇచ్చి, హక్కుల బదిలీని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. అందులో కాలవ్యవధి రాయకపోతే చట్టం దానిని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. అందుకే ఆ రెండూ స్పష్టంగా రాయించాలి. కళాకారునికి న్యాయంగా డబ్బు చేరే ఈ పద్ధతే నాకు అన్నిటికన్నా ఇష్టం.

కర్తలే కొన్ని షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ సంగీతంలో ఎన్‌సీ (నాన్ కమర్షియల్, అంటే వ్యాపారేతర) గుర్తు ఉన్నది వ్యాపారానికి పనికిరాదు.

సందేహం: చిత్తూరులో మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. లైసెన్సు కొన్న సంగీతమే అయినా హోల్డ్‌లో గరగరమంటోంది. ఎందుకు?

జవాబు: మామూలు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, మృదంగం మంద్ర నాదానికి, తాళాల గలగలకు అందులో చోటు లేదు. పైగా మీ లైను శబ్దాన్ని కుదించి పంపే జీ.729 కోడెక్‌తో నడుస్తుంటే, అది సెకనుకు 8 కిలోబిట్లలో మాటను పంపడానికి చేసినది గనుక సంగీతాన్ని చెడగొడుతుంది, జీ.711 అనే మరో కోడెక్‌కు మార్చమని మీ టెక్నీషియన్‌ను అడగండి. ఒకే వాద్యం ఉన్న ట్రాకును ఎంచుకుని, 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా మార్చి, శబ్దం కాస్త తగ్గించి, వేరే నెట్‌వర్క్ మొబైల్ నుంచి ఫోన్ చేసి వినండి. సంగీతం మీద మీ ప్రకటనను కూడా కలపదలిస్తే, లైసెన్సు మార్పులకు ఒప్పుకుంటుందో లేదో ముందుగా చూసుకోవాలి.