లిఫ్టు పక్కన అంటించే కాగితం

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీగా నువ్వు పెట్టిన మెసేజ్ మీ అత్త చూపించింది. "మనలో చాలామంది ఇంకా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతులే కొంటున్నారు, సిగ్గుచేటు" అన్నావు. నీ కోపం న్యాయమే. కానీ చదివినవాడికి అందులో అందేది "చాలామంది కొంటున్నారు" అన్న ముక్క ఒక్కటే. నేనొక్కణ్నే కాదులే అనుకుని నిశ్చింతగా రంగుల బొమ్మే తెచ్చుకుంటాడు.

అమెరికాలో, అరిజోనాలో, చెట్లు రాయిగా మారిన పాత అడవి ఒకటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కలు జేబులో వేసుకుపోతుంటారు. గుర్తుపెట్టిన ముక్కల్ని దారి పక్కన ఉంచి పరీక్షిస్తే, "ఇదివరకు చాలామంది ఎత్తుకెళ్లారు" అన్న బోర్డున్న చోట 8 శాతం దాకా మాయమయ్యాయి. ఉత్తినే "తీయకండి" అన్న చోట 2 శాతం కూడా పోలేదు.

నేనూ ఇంకో రకం తప్పు చేశాను. కాలనీ సెక్రటరీగా ఉన్నప్పుడు ప్లాస్టర్ బొమ్మలు సరిగ్గా కరగవనీ, రంగులతో చెరువు పాడవుతుందనీ మైకులో చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాను. అందరూ తలూపారు. పక్క కాలనీ తొమ్మిదడుగులది తెస్తోందని తెలియగానే మావాళ్లు పదకొండడుగులది దించారు, అదీ ప్లాస్టర్‌దే!

అందుకని ముందు నిరుడు మట్టి వినాయకుణ్ని పెట్టుకున్న ఇళ్లు లెక్కపెట్టు. నాలుగే ఉంటే ఆ అంకె దగ్గర ఆగకు. "నిరుడు నాలుగు, ఈసారి ఇప్పటికే తొమ్మిది" అని చెప్పు. దొంగలెక్క మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ఏం కూరో కూడా అందరికీ తెలుస్తుంది.

తర్వాత లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించు. మట్టి బొమ్మ కావాల్సినవాళ్లు ఫ్లాట్ నంబరు రాస్తారు, నువ్వు అందరికీ కలిపి ఆర్డరిస్తావు. ఖాళీ కాగితం అంటించావా, పండగ దాకా ఖాళీగానే ఉంటుంది. ఐదారు నంబర్లు ముందే రాయించు. బ్లాకుకో కాగితం పెడితే ఇంకా మేలు. మనిషి ఊరినీ దేశాన్నీ పట్టించుకోడు గానీ ఎదురింటి తలుపు వైపు మాత్రం చూస్తాడు.

సెల్లార్‌లో పెట్టే పెద్ద విగ్రహం దగ్గరే అసలు టెన్షన్. మట్టిదంటే డబ్బుల్లేక తెచ్చారనుకుంటారని కమిటీ భయం. ఖైరతాబాద్ గణపతి 2022లో 50 అడుగుల ఎత్తున మట్టితోనే కొలువుదీరాడు. ఆ ఫొటో చూపించు, వాదన పెట్టుకోకు.

మట్టి బొమ్మల్ని నిమజ్జనం చేసే నీళ్ల డ్రమ్ము గేటు దగ్గర పెట్టించు, పార్కింగ్ వెనక కాదు. వచ్చేపోయేవాళ్ల కంట పడాలి.

ఒక్క మాట. కాగితం మీద మొదటి నంబరు నీది కాకుండా చూసుకో. సెక్రటరీది ముందుంటే ఇదేదో కొత్త రూలనుకుంటారు. వ్రతమైనా పేరంటమైనా అందరూ వెళ్లి అడిగే మూడో అంతస్తు పెద్దావిడ దగ్గరికి రేపే వెళ్లు, ఆవిడతో రాయించు.

మామయ్య