రవ్వను బల్ల నీడలో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి నిశ్చితార్థానికి ఒంటి రాయి వజ్రపుటుంగరం చేయిద్దామని షాపుకి వెళ్లాం. రెండు రాళ్లు చూపించారు. రెండూ 0.70 క్యారెట్, రంగు జి, క్లారిటీ (లోపలి మచ్చల గ్రేడు) వీఎస్2. వజ్రాలకి గ్రేడు ఇచ్చే జీఐఏ సంస్థ రిపోర్టులో రెండింటికీ కట్, అంటే కోత, ‘ఎక్సలెంట్’ అనే ఉంది. కానీ ఒకటి పాతిక వేలు తక్కువ. అక్కడి లైట్ల కింద నా కంటికి రెండూ ఒకేలా మెరిశాయి. తక్కువది తీసుకోవచ్చా? రిపోర్టుల ఫొటోలు పంపుతున్నాను.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఫొటోలు తెరవగానే నేను చూసింది రిపోర్టులో ఉండే చిన్న బొమ్మని. రాయిని నిలువునా కోసి పక్కనుంచి చూపినట్టు ఉంటుంది, దాని మీద కోణాలు వేసి ఉంటాయి. ఖరీదైన రాయికి పై భాగం, అంటే క్రౌన్ కోణం 34.5 డిగ్రీలు, కింది భాగం, అంటే పెవిలియన్ కోణం 40.8. రెండోదానికి 35.5, 41.2. ఒక డిగ్రీ, అర డిగ్రీ తేడాకి అంత డబ్బా అని మీకు అనిపించవచ్చు. నేనైతే ఇస్తాను.

రవ్వకి సొంత వెలుగు లేదు. పైనుంచి లోపలికి వెళ్లిన కాంతి కింది గోడకి తగిలి, ఎదురుగోడకి తగిలి, మళ్లీ పైకి వచ్చి మన కంట్లో పడాలి. గోడకి నిట్టనిలువుగా గీసిన గీత నుంచి లెక్కేస్తే, కాంతి సుమారు 24.4 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా తగిలితే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. అంతకన్నా నేరుగా తగిలితే చాలావరకు గోడ దాటి బయటికి పోతుంది. కింది భాగం మరీ లోతుగా ఉంటే, మొదటి గోడ తిప్పిన కాంతి రెండో గోడ దగ్గర జారిపోతుంది. మరీ పలచగా ఉంటే రాయి నడుము అంచు లోపల ప్రతిబింబించి, టేబుల్ కింద చేపకన్నులాగా తెల్లటి వలయం కనబడుతుంది. టేబుల్ అంటే పైన ఉండే పెద్ద పలక. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఈ లెక్కంతా వేసి క్రౌన్ 34.5, పెవిలియన్ 40.75, టేబుల్ రాయి వెడల్పులో 53 శాతం అని తేల్చాడు. ఇప్పటి మంచి రాళ్లకి టేబుల్ కొంచెం పెద్దగా ఉంటుంది గానీ, కోణాలు ఈనాటికీ ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి.

మీ రెండో రాయిలో పైన ఎత్తు, కింద లోతు, రెండూ ఒకేసారి ఎక్కువయ్యాయి. ఒకటి ఎక్కువైనప్పుడు రెండోది తగ్గి ఉంటే సర్దుకునేది. ఇలాంటి రాళ్లలో టేబుల్ అంచు కింద చుట్టూ మసక వలయం పడుతుంది.

మరి ఎక్సలెంట్ ఎలా ఇచ్చారంటారా? జీఐఏ గుండ్రటి రాళ్లకి 2006 నుంచి కట్ గ్రేడు ఇస్తోంది, ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా ఐదు మెట్లు. పై మెట్టులో చాలా చోటు ఉంది, ఈ రెండు రాళ్లూ అందులో పడతాయి. పైగా రిపోర్టులో వేసే కోణాలు రాయి చుట్టూ కొలిచిన వాటి సగటు. ఆ సగటుని కూడా క్రౌన్‌కి దగ్గరి అర డిగ్రీకి, పెవిలియన్‌కి దగ్గరి 0.2 డిగ్రీకి సవరించి వేస్తారు. అందుకే నేను కాగితం చూసి రాళ్లని వద్దంటాను తప్ప, కాగితం చూసి ఏ రాయినీ కొనను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్న మరమగ్గాల పనికి సిరిసిల్ల నుంచి సూరత్ వెళ్లాడు. నేను మగ్గం మీదికి పోకుండా పదిహేడో ఏట ఘంటి ముందు కూర్చున్నాను. ఘంటి అంటే సానపట్టే చక్రం. నాకు అప్పగించింది తలియా, అంటే రాయి కింది భాగం. ముడిరాయిలో సగమో అంతకన్నా ఎక్కువో పొడిగా పోవడం మామూలే కాబట్టి, మా పనినంతా తూకంతోనే కొలిచేవారు. ఒక రాయి నాకు ఇప్పటికీ మరుపు రాదు. కోణం సరిగ్గా తెస్తే 0.96కి దిగుతుంది. “క్యారెట్ దాటాల్సిందే” అన్నారు. కింది కోణం 42 దాటేలా వదిలేశాను, 1.01 వచ్చింది. పొట్లం కట్టేటప్పుడు కిటికీ దగ్గర చూశాను. నడిమధ్యలో మబ్బు పట్టినట్టుంది. ఎవరో క్యారెట్ రాయని మురిసిపోతూ కొనుక్కుని ఉంటారు. ఆ తర్వాత వేల రాళ్లు ఏరాను, హైదరాబాద్ వచ్చాక కూడా అదే పని. ఆ ఒక్క రాయి విషయంలో నాకు ఇంకా తప్పు చేసినట్టే ఉంటుంది.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. షాపు పైకప్పులో చిన్న చిన్న స్పాట్ లైట్లు ఉంటాయి. వాటి కింద ఏ రాయైనా మిలమిలలాడుతుంది. రెండు రాళ్లనీ ముందు శుభ్రంగా తుడిపించండి. ఒకే రకం ట్రేలో పక్కపక్కన పెట్టించి కిటికీ దగ్గరికి తెమ్మనండి, ఎండ తగలని చోటికి. అది కుదరకపోతే ఆ బల్ల కిందే, నీడలో పట్టుకుని చూడండి. కంటికి ఓ అడుగు దూరంలో ఉంచి మెల్లగా అటూ ఇటూ వంచండి. బాగా కోసిన రాయి నీడలో కూడా అంచు దాకా తెల్లగా ఉంటుంది. మీ తల నీడ అందులో పడి నల్లటి బాణాల్లా కనబడుతుంది. రాయిని వంచగానే నలుపూ తెలుపూ చోట్లు మార్చుకోవాలి. ఎటు వంచినా కదలని బూడిదరంగు మచ్చో వలయమో ఉంటే అక్కడ కాంతి కారిపోతోందని అర్థం. ఇంకో పని: విడి రాయిని మీ ఎర్ర చీర కొంగు మీద పెట్టి పైనుంచి చూడండి. కారే చోట ఎరుపు కనబడుతుంది. ఐడియల్ స్కోప్ అనే చిన్న పరికరం చేసేదీ ఇదే, కాకపోతే అందులో ఎర్రగా ఉన్నది తిరిగొచ్చే కాంతి, తెల్లగా ఉన్నది కారిపోయేది. షాపులో ఉంటే అడగండి, మొహమాటం వద్దు.

ఆ పాతిక వేలు మీకు బరువైతే రంగులో ఒక మెట్టు దిగి హెచ్ తీసుకోండి. ఉంగరంలో పెట్టాక జికీ హెచ్‌కీ తేడా పట్టుకోవడం నాకే కష్టం. కట్ దగ్గర మాత్రం తగ్గకండి. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌నే తీసుకోండి. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే వెలగడం లేదని జనం పెదవి విరిచారు. గ్యాస్ దీపాలు పెట్టి చూపినా తృప్తి పడలేదు. మరుసటి ఏడు 38 రోజులు సానపట్టి, ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల రాయిని 105.6కి దించారు. అంత బరువు పోయిందని చదివినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. అయినా వాళ్లు ఎందుకు కోశారో నాకు తెలుసు.

ప్రశ్న: అమ్మ ఇచ్చిన ఏడు రాళ్ల రవ్వల దుద్దులు వెలవెలబోతున్నాయి. నలభై ఏళ్లలో రాళ్లు అరిగిపోయాయా? మళ్లీ సానపట్టించాలా?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: చెల్లెమ్మా, సాన మాట ఎత్తకండి. దుద్దులు పెట్టుకోవడంతో రవ్వ అరగదు. మీ రాళ్లకి పట్టింది తలనూనె. పైన చెప్పిన 24.4 డిగ్రీల లెక్క రాయి వెనక గాలి ఉన్నప్పటిది. కొబ్బరి నూనె పొర అంటుకుంటే అది సుమారు 37కి పెరుగుతుంది. నిన్నటిదాకా వెనక్కి తిరిగిన కాంతిలో చాలా భాగం ఇవాళ నూనెలోకి పోతోందన్నమాట.

వెనక కట్టడం తెరిచి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కుంకుడు రసమో మెత్తని సబ్బో వేసి కాసేపు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో వెనక వైపే ఎక్కువగా రుద్దండి. రాయి ముందు వైపు కన్నా వెనక వైపు శుభ్రంగా ఉండడం ముఖ్యం. వెనక మూసి ఉంటే మాత్రం నీళ్లలో ముంచకండి. పాత కట్టడాల్లో రాయి కింద మెరుపు రేకు పెట్టేవారు. తడి లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, అప్పుడు రాయి నిజంగానే చచ్చినట్టు కనబడుతుంది. అలాంటివి పాత పని తెలిసిన కంసాలి చేతిలో పెట్టి, మీ ఎదుటే విప్పి శుభ్రం చేయించుకోండి. విప్పే ముందు రాళ్లు లెక్కపెట్టుకుని ఫొటో తీసుకోండి.

ప్రశ్న: ‘హార్ట్స్ అండ్ ఆరోస్’ అని చెప్పి ఎక్కువ ధర అడుగుతున్నారు. ఇవ్వాలా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ప్రత్యేకమైన అద్దంలో పైనుంచి ఎనిమిది బాణాలు, కింద నుంచి ఎనిమిది హృదయాలు కనబడేంత పొందికగా పలకలు కోశారని దాని అర్థం. చాలా ఓపిక ఉన్నవాడు చేసే పని, నాకు ఇష్టమైన పని. అయితే కోణాలు తప్పినా పొందిక కుదరవచ్చు. ముందు కోణాలు చూడండి, తర్వాత నీడలో చూడండి. రెండూ కుదిరి, చేతిలో డబ్బుంటే తీసుకోండి.