గంటకో ప్యాడ్ అంటే ఓర్చుకోవాల్సిన విషయం కాదు

చెల్లీ, ఎనిమిది రోజులైనా నెలసరి ఆగట్లేదనీ, రెండో రోజు గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందనీ, అత్తగారేమో "ఆడపుట్టుక, తప్పదు" అంటున్నారనీ రాశావు. దయచేసి ఊరుకోకు. ఏడు రోజులు దాటినా, రూపాయి బిళ్ళంత రక్తపు గడ్డలు పడుతున్నా డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

నేనూ మూడేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాను. అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతూ సగంలో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఎండలకు నీరసం అనుకున్నాను. తీరా పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8! మనకు కనీసం 12 ఉండాలి. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండ గడ్డ, కనిపించింది.

నీకూ అదేనని కాదు, థైరాయిడ్ వల్ల కూడా కావచ్చు. అందుకే సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొత్తికడుపు స్కానింగ్ రాస్తారు. డబ్బులకి జంకుతుంటే ముందు మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాకి, అదే ప్రభుత్వ చిన్న క్లినిక్‌కి, వెళ్ళు, అక్కడ డాక్టరు ఉచితంగానే చూస్తారు. వెళ్ళేటప్పుడు ఏ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చావో క్యాలెండర్ మీద గీతలు పెట్టి తీసుకెళ్ళు, చాలా పనికొస్తుంది.

పక్కింటావిడ చెప్పిందని రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు కొని వేసుకోకు. మంచి మందే, కానీ కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టిన వాళ్ళకి ప్రమాదం. నొప్పికి ఆస్పిరిన్ అసలొద్దు, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఐరన్ మాత్ర రాస్తే నిమ్మరసంతో వేసుకో, చాయ్‌తో మాత్రం వద్దు.

వరసగా రెండు మూడు గంటలు గంటకో ప్యాడ్ నిండుతున్నా, కళ్ళు తిరుగుతున్నా, గర్భమేమోనని అనుమానమున్నా తెల్లారేదాకా ఆగొద్దమ్మా, 108కి ఫోన్ చెయ్యి.