ఉద్దానం కాగితాలు కలపబోతున్న చిట్టికి

చిట్టీ,

ఉద్యోగం మానేసి, ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునే మన ఉద్దానం రోగుల రికార్డులన్నీ కంప్యూటర్లో కలిపే పనికి దిగుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒకపక్క గర్వం, ఒకపక్క టెన్షన్.

ప్రతి రోగికీ అభా నంబరు, అదే ఆరోగ్య రికార్డులకి ఇచ్చే గుర్తింపు నంబరు తీయించడం, ఆసుపత్రులతో ఒప్పందాలు నువ్వు చూసుకోగలవు. ఒడిశాలోని బరంపురం ఆసుపత్రి వాళ్లని మాత్రం మొదటిరోజే పిలువు. రాష్ట్రం వేరైనా కవిటి, కంచిలి వాళ్లకి విశాఖకన్నా అదే దగ్గర.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, శ్రద్ధగా విను. ఏఎన్‌ఎంగా, ఊళ్లో నర్సమ్మగా ఉన్న రోజుల్లో ఒక ఊళ్లో క్యాంపు పెట్టి రక్తాలు తీశాం. ఇంటింటికీ తిరిగే ఓపిక లేక, క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది, ఎక్కువొచ్చిన వాళ్ల పేర్లు కాగితం మీద రాసి పంచాయతీ గోడకి అన్నం మెతుకులతో అంటించాను. చూసుకుని ఆసుపత్రికి వస్తారనుకున్నాను. అందులో పెళ్లి కుదిరిన పిల్ల ఒకతె ఉంది. ఒక్క పరీక్షతో జబ్బని తేల్చకూడదు, మూడు నెలలాగి మళ్లీ చూడాలి. అంతవరకూ ఎవరాగుతారు? వారంలోనే సంబంధం తప్పిపోయింది. వాళ్లమ్మ వచ్చి ఆ కాగితాన్ని గోళ్లతో గీకింది. మెతుకులు ఎండి గట్టిపడ్డాయేమో, మిగతాదంతా చిరిగినా కూతురి పేరున్న ముక్క గోడకే ఉండిపోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. తర్వాతి క్యాంపుకి ఆ వీధి నుంచి ఒక్కరూ చెయ్యి చాపలేదు.

నీ కంప్యూటర్ అంతకన్నా పెద్ద గోడ తల్లీ. ఎవరి కాగితం ఎవరు చూడాలో ఆ మనిషినే అడగాలి. ఒప్పుకున్నట్టు ఫోనుకి ఓటీపీ వచ్చింది కదా అని సరిపెట్టుకోకు. ఆ ఫోను చెన్నైలో పనిచేసే కొడుకు జేబులో ఉంటుంది, తల్లి ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది. పని తొందరగా తెమలాలని రోగుల ఫోన్ నంబర్లకి బదులు మీవాళ్ల నంబర్లు ఎక్కించారో, నేనూరుకోను.

ఇంకొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరితోటలు నేలకూలి రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అందుకే ప్రతి రోగి చేతిలో చిన్న అట్టపుస్తకం ఉంచు. డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), రక్తం గ్రూపు, హెపటైటిస్ రిపోర్టు, వాడే మందులు అందులో రాసి ఉంటే ఏ ఊరి సెంటరుకి వెళ్లినా అడిగినదానికి జవాబుంటుంది.

వేళకి తిను. ఎండలో బండి మీద తిరగకు. సోంపేట స్టేషన్‌లో దిగగానే ఫోన్ చెయ్యి. మొదట ఆ వీధికే వెళదాం. తలుపులు నేనే తడతాను.

మీ పెద్దమ్మ