క్రాపీ చేప, మన జిలేబి, సగం తిన్న సంగటి ముద్ద

ప్రశ్న: అన్నా, మాది పుత్తూరు పక్కన పల్లె, నాకు 57 ఏళ్లు. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి మొన్న మార్చిలో ఫ్రెండ్స్‌తో పోయి క్రాపీ అనే చేపలు పట్టి ఫోటో పంపినాడు. అది చూసినప్పటి నుంచి మనసంతా మా చెరువు మీదే ఉంది. టెన్త్ చదివేటప్పుడు మేం నలుగురం మొరవ (అలుగు) దగ్గర గాలాలేసుకుని పొద్దు గూకేదాకా కూర్చునేవాళ్లం. ఆ క్రాపీ మన దగ్గర దొరుకుతుందా? మిగతా ముగ్గురినీ పిలిచి ఇంకోసారి పోదామంటే ఇంట్లో నవ్వుతున్నారు.

జవాబు: ముందు చేప సంగతి. దొరకదు. క్రాపీ ఉత్తర అమెరికా మంచినీళ్ల చేప. (మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ ఏదో తల క్రాపు సంగతి అనుకుంది.) తెల్లది, నల్లది అని రెండు రకాలు. రంగు చూసి మోసపోతాం కాబట్టి వీపు మీద ముళ్లు లెక్కపెడతారు, ఏడో ఎనిమిదో ఉంటే నల్లది, ఆరు లేదా అంతకు తక్కువైతే తెల్లది. నీళ్లలో మునిగిన చెట్ల కొమ్మల మధ్య గుంపుగా ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు కాస్త వెచ్చబడి 16 నుంచి 20 డిగ్రీలకు వచ్చేసరికి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి చేరతాయి, మీవాడికి సరిగ్గా అప్పుడే పడ్డాయి. ఎంత పడితే అంత తెచ్చుకోవడం కుదరదు, లైసెన్సు ఉండాలి, టెక్సాస్‌లో మామూలుగా రోజుకు మనిషికి 25, అవి కూడా 10 అంగుళాలకు తగ్గకూడదు.

దాని నోరు కాగితమంత పల్చన. అందుకే వాళ్లు గాలాన్ని మెల్లగా, పసిబిడ్డను ఎత్తినట్టు పైకి తీస్తారు. మనమెలా లాగేవాళ్లమో మీకు చెప్పాలా? బెండు మునిగిందో లేదో ఒక్క ఈడ్పు, చేప మన తలల మీదుగా ఎగిరి వెనక కయ్యలో పడేది, నాట్లు తొక్కుతున్నారని ఆ కయ్య ఆసామి తిట్లు లంకించుకునేవాడు. క్రాపీని అలా లాగితే గాలం ముల్లుకు పెదవి ముక్క మాత్రం మిగులుతుంది.

మీరు పట్టింది ఎక్కువగా జిలేబీలే (తిలాపియా చేపలే) అయుంటాయి. అదీ మన చేపేం కాదు, 1952లో బయటి నుంచి తెచ్చి వదిలితే మన చెరువులన్నీ ఆక్రమించేసింది. క్రాపీలో గుడ్లకు కాపలా తండ్రిది, జిలేబిలో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని తిరుగుతుంది.

మాది చంద్రగిరి వైపు. వెంకన్నకని మాంసం మానేసే పెరటాసి నెల దాటేదాకా ఇంట్లో చేప మాట ఎత్తనిచ్చేది కాదు మా అమ్మ. ఆ తర్వాత వానలకు స్వర్ణముఖి నాలుగు రోజులు గట్టిగా పారి మళ్లీ ఇసుకలో ఇంకిపోయేది, మిగిలిన మడుగుల దగ్గరికి మేమూ నలుగురమే పోయేవాళ్లం. వెదురు కర్ర, నైలాన్ దారం, తెగిన హవాయి చెప్పు ముక్క బెండు. పేడదిబ్బ పక్కన వానపాములు తవ్వడం ఒకడి పని, ఎరకని ఇంట్లోంచి రాగి సంగటి ముద్ద తేవడం ఇంకొకడి పని. వీడు దార్లోనే సగం తినేసేవాడు, అడిగితే చేపలకు ఉప్పు సరిపోయిందో లేదో చూశానంటాడు, దాని మీద రోజూ గొడవే, ఆ గొడవకు చేపలన్నీ పారిపోయేవి.

పోయిన నవంబరులో మేం మళ్లీ వెళ్లాం, ముగ్గురమే. మూడు గంటలకు రెండు జిలేబీలు పడ్డాయి. అలవాటు కొద్దీ సంగటి తీసుకెళ్లాం, తినేవాడు లేడు కదా, ముద్ద మొత్తం నీళ్లలోనే వేసి వచ్చాం.

కాబట్టి ఇంట్లో నవ్వితే నవ్వనీ, మీ ముగ్గురికీ ఈ రోజే ఫోన్ చేయండి. చెరువు చేపల హక్కు మత్స్యకారుల సంఘం పాడుకుని ఉంటే ముందు వాళ్లకొక మాట చెప్పండి, చిన్నప్పటిలా కాపలావాడికి దొరక్కుండా పరిగెత్తడానికి ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు. కల్యాణి డ్యాం వైపు వద్దు, అది తిరుపతికి తాగునీళ్లిచ్చేది. మొరవ జోరుగా పోతుంటే దాని పక్కన, కట్ట మీద కూర్చోకండి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకేజీ వస్తే చుట్టుపక్కల పల్లెలనే ఖాళీ చేయించారు, గుర్తుంది కదా.

ప్రశ్న: మా ఆయన ప్రతి ఆదివారం స్నేహితులతో చేపలకని వెళ్లి ఉత్త చేతులతో వస్తాడు. నమ్మమంటారా? చిత్తూరు నుంచి ఒక చెల్లెలు.

జవాబు: ఉత్త చేతులతో వస్తున్నాడంటే చెరువుకే వెళ్తున్నాడమ్మా, అందులో డౌటే లేదు. ఎప్పుడైనా రెండు కిలోల బొచ్చె తెచ్చి చేతికిస్తే మాత్రం పులుసు పెట్టే ముందు దాని నోరు తెరిచి చూడు, గాలం చిల్లు ఉందో లేదో.